దుబాయ్ కంపెనీ పెట్టిస్తామనే వాళ్ల మీద చర్య ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం,

మారతహళ్లిలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను, విదేశీ క్లయింట్లకు కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పోయిన నెల మా కదిరి కుర్రాడొకడు, ఇక్కడే పీజీ హాస్టల్లో ఉంటూ ఒక అమెరికా కంపెనీకి పని చేస్తున్నవాడు, ఫోన్లో ఓ పీడీఎఫ్ చూపించి "అన్నా, ఇది చెయ్యొచ్చా?" అని అడిగాడు. దుబాయ్ ఫ్రీజోన్లో, అంటే బయటిదేశాల వాళ్లు కంపెనీలు పెట్టుకునే ప్రత్యేక ప్రాంతంలో, నీ పేరు మీద కంపెనీ పెట్టిస్తాం, ఇన్వాయిస్ ఆ పేరుతోనే పంపు, డబ్బు అక్కడి బ్యాంకులో పడుతుంది, కావలసినప్పుడు కంపెనీ నీకు అప్పిచ్చినట్టు రాసుకుందాం, అప్పు మీద పన్నుండదు కదా అని ఉంది అందులో. ఆ అప్పు మాట చదవగానే నాకు గుండె జారింది, మా ఇంట్లో అది ముందే చూశాం.

మా తమ్ముడు 2012 నుంచి మూడేళ్లు బ్రిటన్లో కాంట్రాక్టరుగా చేశాడు. జీతం ఇచ్చే మధ్యవర్తి కంపెనీ కొంచెం జీతంగా చూపించి, మిగతాదంతా బ్రిటన్ పక్కనుండే ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని ఒక ట్రస్టు నుంచి అప్పుగా ఇప్పించేది. తిరిగి కట్టక్కర్లేని అప్పు. లాయర్లు చూశారు, అంతా చట్టప్రకారమే అన్నారు, వీడు నమ్మాడు. 2016 బడ్జెట్లో అక్కడి ప్రభుత్వం 'లోన్ ఛార్జ్' ప్రకటించి, 2019 ఏప్రిల్ 5 నాటికి తీరని అలాంటి అప్పులన్నిటినీ ఒకే ఏడాది ఆదాయం కింద కలిపేసి పన్ను వేసింది. మొదట 1999 నాటి అప్పుల దాకా వెళ్లారు, గోల జరిగి సమీక్ష వేశాక 2010 డిసెంబర్ 9కి ముందువి వదిలేశారు, కానీ మావాడివి ఆ తర్వాతివే. అక్కడ సుమారు 50 వేల మంది ఇలా ఇరుక్కున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తమ్ముడు ఇండియాకి వచ్చేశాక కూడా ఆ ఉత్తరాలు ఆగలేదు, చివరికి నాన్న కొన్న స్థలం అమ్మి కట్టాడు. స్కీము అంటగట్టినవాళ్లు మాత్రం ఎప్పుడో దుకాణం కట్టేశారు, ఫోన్ ఎత్తే దిక్కు లేదు.

ఇక్కడ చట్టం ఇంకా గట్టిది. బెంగళూరులో కూర్చుని పని చేసే మనిషి ఆదాయం ఏ దేశపు ఖాతాలో పడినా ఇక్కడ పన్ను కట్టాల్సిందే. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద 30 శాతం పన్ను, దాని మీద మూడు రెట్లు జరిమానా. అంటే 40 లక్షలు దాస్తే 12 లక్షలు పన్ను, 36 లక్షలు జరిమానా, మొత్తం 48 లక్షలు. సంపాదించిన దానికంటే ఎక్కువ! కావాలని ఎగ్గొట్టాడని తేలితే మూడు నుంచి పదేళ్ల జైలు కూడా. ఎవరికీ తెలియదులే అనుకోవడానికి లేదు, దుబాయ్ ఉన్న యూఏఈ, సింగపూర్ సహా వందకు పైగా దేశాలు ఖాతాల వివరాలను ఒకరికొకరు పంపుకుంటున్నాయి. 2024 నవంబర్లో మన ఆదాయపు పన్ను (ఐటీ) శాఖ, విదేశీ ఖాతాలు ఉండి రిటర్న్‌లో చూపించనివాళ్లకు మెసేజ్‌లు, మెయిళ్లు పంపింది కూడా.

అదే 40 లక్షలు నిజాయితీగా చూపిస్తే ఎంతవుతుందో ఆ కుర్రాడికి కాగితం మీద వేసి చూపించాను. టెక్నికల్ కన్సల్టెన్సీ చేసేవాళ్లకు, సీఏలు 44ఏడీఏ అని పిలిచే పద్ధతిలో, వచ్చిన దాంట్లో సగాన్నే ఆదాయంగా చూపించే వీలుంది. నగదు రాబడి 5 శాతం దాటకపోతే 75 లక్షల వరకు ఇది వర్తిస్తుంది. 2025-26 కొత్త స్లాబుల ప్రకారం 20 లక్షల మీద సెస్సుతో కలిపి 2 లక్షల 8 వేలు. అంతే! చట్టమే ఇంత వెసులుబాటు ఇస్తుంటే దుబాయ్ దాకా వెళ్లి జీవితాంతం టెన్షన్ పడడం దేనికి? ఈ లెక్క ఆ పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు, ఉంటే వాళ్ల ఫీజు ఎవరు కడతారు?

నాకు కోపం కుర్రాళ్ల మీద కాదు. నోటీసు ఎప్పుడొచ్చినా సంతకం పెట్టినవాడికే వస్తుంది, అమ్మినవాడు ఇంకో పేరుతో ఇంకో పీడీఎఫ్ తయారుచేసుకుంటాడు. పన్ను ఎగ్గొట్టడానికి సాయం చేసినవాళ్లకు ఆరు నెలల నుంచి ఏడేళ్ల శిక్ష అదే నల్లధనం చట్టంలో ఉంది. దాన్ని ఈ అమ్మేవాళ్ల మీద వాడమని ఐటీ శాఖను అడుగుతున్నాను. తెలుగులో, కన్నడలో ఒక పేజీ హెచ్చరిక వేసి టెక్ పార్కుల్లో, పీజీల్లో అంటించినా కొంతమంది ఆగుతారు. మీ పత్రిక కూడా రిటర్నుల గడువుకు ముందే దీని మీద వివరంగా రాయాలి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు నోటీసు వచ్చేదాకా ఆగకుండా, సవరించుకునే గడువు ఉండగానే మంచి సీఏ దగ్గరికి వెళ్లాలి.

ఆ కుర్రాడు సంతకం పెట్టలేదు. వాడి పీజీలో ఇద్దరు అప్పటికే డబ్బు కట్టేశారట.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు