సోయా కంటే ముందు గడ్డి

ఎడిటర్ గారికి,

బ్రెజిల్ సోయా దిగుబడుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అంతా జన్యుమార్పిడి (జీఎం) విత్తనం, పెద్ద కమతాల మహిమే అన్నట్టు రాశారు. మాది భైంసా దగ్గర పల్లె. నాలుగేళ్లుగా బ్రెజిల్‌లోని మాటో గ్రోసో రాష్ట్రంలో విత్తనం వేసే యంత్రాల మెకానిక్‌గా పనిచేస్తున్నాను. నేను చూస్తున్నది వేరు.

ఇక్కడ సోయా కోత జనవరి, ఫిబ్రవరిలో. కోత మిషన్ వెనకాలే మక్క వేస్తారు, దాంతోపాటే బ్రాకేరియా గడ్డి విత్తనమూ పడుతుంది. మన పాడి రైతులు పెంచే పారా గడ్డికి ఇది దాయాది. మక్క నీడలో గడ్డి అణిగి ఉంటుంది. జూన్, జులైలో మక్క కోసేశాక ఎండ తగిలి గుబురుగా లేస్తుంది. వాన చుక్క లేని ఆ నెలల్లో పశువులకు అదే మేత. సెప్టెంబర్‌లో కలుపు మందు కొట్టి ఎండబెట్టి, వానలు మొదలవగానే దున్నకుండా ఆ ఎండుగడ్డిలోనే సోయా వేస్తారు. మందు విత్తకముందే కొడతారు కాబట్టి ఈ పనికి జీఎం విత్తనమే అక్కర్లేదు.

కిందటి అక్టోబర్‌లో ఒక చేనుకు రిపేరుకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. పక్కనున్న బోడి చేలో మన్ను పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఈ చేలో గడ్డి పరుపు పక్కకు లాగితే చల్లని తడి మన్ను, రెండు వానపాములు. కుళ్లిన గడ్డి వేళ్లు వదిలిన సన్నటి బొక్కల్లోంచి సోయా వేరు కిందికి దిగుతోంది. పది రోజులు వాన మొహం చాటేసినా ఆ మొక్క తట్టుకుంటుంది.

అన్నీ ఇలాగే ఉండవు. ఒక ఆసామి మందు కొట్టిన ఐదో రోజే విత్తించాడు. గడ్డి ఇంకా పచ్చిగానే ఉంది. యంత్రం ముందుండే డిస్క్ దాన్ని కోయలేక మడిచి సాల్లోకి తోసింది, గింజ ఆ మడతలో ఇరుక్కుంది. సగం మొలవలేదు. తిట్లు మాత్రం నాకు! మూడు నాలుగు వారాల ముందే కొట్టాల్సింది. పైగా వేళ్లను తినే ఒక రకం నులిపురుగు ఈ గడ్డిలో పెరుగుతుంది. అలాంటి చేలల్లో జనుము జాతి మొక్క వేస్తారు.

మా నాన్న యాసంగి మక్క కోశాక కట్టెకు నిప్పు పెడతాడు. తర్వాత రెండుసార్లు కల్టివేటర్, ఒకసారి రోటవేటర్. జూన్‌లో ఒక వాన పడి ఆగిందంటే మొలక మాడిపోతుంది, మళ్లీ విత్తనం కొనాలి. ఏటా ఇదే టెన్షన్. ఫోన్లో గడ్డి సంగతి చెబితే, "మక్క కోసినంక ఊరి గొడ్లన్నీ చేన్ల వడ్తయి. నీ గడ్డిని ఎవడు కాస్తడు కొడుకా?" అన్నాడు. జవాబు దొరకలేదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మీద 2022లో కేంద్రం ఆంక్షలూ పెట్టింది. మందు లేకుండా గడ్డిని ఎలా ఎండబెట్టాలో ముందు తేలాలి.

ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను మీ పత్రిక తరఫున ఈ ముక్క అడగండి. పరీక్ష చేస్తామంటే రెండెకరాలు ఇవ్వడానికి నాన్న ఒప్పుకున్నాడు. ముళ్లకంచె ఖర్చు నేను పెట్టుకుంటాను.

— భైంసా రైతు కొడుకు, రోండొనోపొలిస్, బ్రెజిల్