పప్పీ క్లాసులో మా రాగి మెడకు చోక్ చైన్ వేసిన విషయమై ఫిర్యాదు

మేనేజర్ గారికి నమస్కారం,

తిరుపతి బ్రాంచిలో మీరు నడిపే పప్పీ ట్రైనింగ్ క్లాసులకు మా కుక్కపిల్ల రాగిని తీసుకొచ్చిన కస్టమర్‌ని నేను. ఫోన్ చేస్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారు మేడమ్, తిరిగి చేయిస్తాం" అంటున్నారు, ఎవరూ చేయడం లేదు. వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలకు నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. అందుకే కూర్చుని అంతా రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి.

అసలు విషయం ముందే చెప్తాను. మూడు నెలలు కూడా నిండని పిల్ల మెడకు మీ ట్రైనర్ చోక్ చైన్, అంటే గుంజితే మెడకు బిగుసుకునే గొలుసు, వేసి గుంజాడు. మాకు చెప్పలేదు, మమ్మల్ని అడగలేదు. మీరు పంచిన పాంప్లెట్ నా దగ్గరే ఉంది, అందులో "కొట్టడం, భయపెట్టడం ఉండదు, ట్రీట్లతో, ప్రేమతో నేర్పిస్తాం" అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ఒక్క మాట చూసే 8 క్లాసుల ప్యాకేజీకి రూ.9,000 ఒకేసారి కట్టాం.

రాగి నాటు పిల్ల. మా కొర్లగుంటలోనే ఒక బేకరీ వెనకాల పుట్టింది, మా పిలకాయలు రోజూ పాలు పోసి చివరికి ఇంటికే తెచ్చేశారు. ఒక్క క్షణం కాలు నిలవదు. చెప్పులు, డోర్‌మ్యాట్, చీపురు, మా అత్తమ్మ పూజకని కోసుకొచ్చిన పూలు, దేన్నీ వదలదు. గేటు తీసిన చప్పుడైతే చాలు, వీధి చివరిదాకా పరుగే. ఇలాంటి పిల్లకు చిన్నప్పుడే అలవాట్లు నేర్పాలని, పైగా మాది రద్దీ ఊరు కాబట్టి మనుషులకూ బళ్ళకూ చప్పుళ్ళకూ ముందే అలవాటు చేయాలని క్లాసులో చేర్పించాం. కుక్కపిల్లకు పుట్టిన మూడో వారం నుంచి ఇంచుమించు పద్నాలుగో వారం వరకు ఉండే వయసు చాలా కీలకమని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వయసులో దేన్ని మంచిగా పరిచయం చేస్తే దానితో జీవితాంతం ధైర్యంగా ఉంటుంది, దేనికి బెదిరితే ఆ బెదురు ఒకంతట పోదు. మేము చేర్పించేటప్పటికి దానికి పది వారాలు. అంటే మీ చేతికి ఇచ్చింది మా డబ్బు మాత్రమే కాదు, ఆ మిగిలిన నాలుగు వారాల వయసు కూడా.

మొదటి క్లాసు చాలా బాగా జరిగింది, అది కూడా చెప్పాలి. ఆ రోజు ఉన్న అమ్మాయికి కుక్కపిల్లలంటే ఏమిటో తెలుసు. ఉడికించిన చికెన్ ముక్క ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని రాగి ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్ళింది. ముక్కు పైకి లేచేకొద్దీ దాని వెనక భాగం దానంతట అదే కిందికి దిగింది. నేల తాకిన ఆ క్షణంలోనే "గుడ్" అని ముక్క నోట్లో పెట్టేసింది. చెయ్యి వేసి అదమలేదు, గొంతు పెంచలేదు. ఆలస్యంగా ఇస్తే దేనికి ఇచ్చారో పిల్లకు అర్థం కాదు అక్కా, వెంటనే ఇవ్వాలి అని నాకు చెప్పి, నా చేత్తోనే చేయించింది. అయిదు నిమిషాలు నేర్పడం, తర్వాత తోటి పిల్లలతో ఆట, మళ్ళీ అయిదు నిమిషాలు. ఇంటికొచ్చాక మా చిన్నోడు కూడా చేయించగలిగాడు. మేము డబ్బు కట్టింది సరిగ్గా ఇలాంటి క్లాసుకే.

రెండో క్లాసుకు వెళ్తే ఆ అమ్మాయి లేదు. కొత్త ట్రైనర్ వచ్చారు. కుక్కపిల్లలన్నిటినీ వరసగా ఇనుప స్తంభాలకు దూరం దూరంగా కట్టించి, ఓనర్లను షెడ్డు కింద కూర్చోమన్నారు. కుక్కతో కలిసి మేము నేర్చుకోవాల్సిన క్లాసులో మమ్మల్ని ప్రేక్షకుల్లాగా కూర్చోబెట్టడం ఏమిటని అడిగితే, మీరు పక్కనుంటే అది మాట వినదు మేడమ్ అన్నారు. రేపు ఇంట్లో మాట వినాల్సింది మాదే కదా! అప్పటికి రాగి మెడకు మేము తెచ్చిన నీలం బట్ట బెల్టు ఉంది. దాన్ని విప్పి పక్కన పడేసి, జేబులోంచి గొలుసు తీసి వేశారు. పక్కన ఒక లాబ్రడార్ పిల్ల ఆడుతుంటే రాగి అటు దూకింది. ఆ పిల్ల వయసుకు అదే సహజం. ఒక్క గుంజు గుంజారు. ముందు కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. అరుపు కూడా సరిగ్గా రాలేదు, దగ్గులాంటి చప్పుడు ఒకటి వచ్చింది. నేను షెడ్డులోంచి పరుగెత్తి వెళ్ళేలోపు రెండోసారి కూడా గుంజారు, "నో" అని అరుస్తూ. నేను గొలుసు తీసేయమంటే ఆయన అన్న మాట ఇదీ: "నాటు కుక్కలింతే మేడమ్, మంచిగా చెప్తే ఎక్కదు. రెండు గుంజితేనే లైన్లోకి వస్తాయి."

ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఫీజు తీసుకునేటప్పుడు నాటుదా, జాతిదా అని మీరు తేడా చూడలేదు. మొదటి క్లాసులో అయిదు నిమిషాల్లో కూర్చోవడం నేర్చుకున్న పిల్ల ఇదే. మన దేశీ జాతి ముధోల్ హౌండ్లను మీరట్‌లోని సైనిక కేంద్రానికి తీసుకెళ్ళి ట్రైనింగ్ ఇచ్చారు. దేశీ కుక్కలకు బుర్రకెక్కదని డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళు అనకూడదు.

చోక్ చైన్ గురించి నేను ఊరికే గొడవ చేస్తున్నానని మీ ఆఫీసులో అనుకున్నారట. కుక్క మెడలో శ్వాసనాళం ఉంటుంది, థైరాయిడ్ గ్రంథి ఉంటుంది, రక్తనాళాలు ఉంటాయి. మెడ దగ్గర బిగిస్తే కంటి లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. పెరిగే పిల్లలో ఇవన్నీ ఇంకా లేతగా ఉంటాయి. లాగే కుక్క అయితే ఛాతీకి వేసే హార్నెస్ ఉంది, పొడుగు తాడు ఉంది, లాగినప్పుడు నడక ఆపి తాడు వదులైనప్పుడు మళ్ళీ నడిచే పద్ధతి ఉంది. ఇవి మీకు తెలియనివి కావు. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం ఒకటి 2021లో స్పష్టంగా చెప్పింది, ఏ కుక్కకైనా, ఎలాంటి సమస్యకైనా బహుమతి ఇచ్చి నేర్పే పద్ధతే వాడాలని, నొప్పితో భయంతో నేర్పే పద్ధతులు వాడొద్దని. మీ పాంప్లెట్‌లో రాసుకున్నదీ అదే కదా.

ఆ సాయంత్రమే పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మెడ కండరం వాచిందని మందు రాసిచ్చారు. వాపు తగ్గిపోయింది, దేవుడి దయ. తగ్గనిది వేరే ఉంది. ఇంతకు ముందు రాగి నడకకు వెళ్ళే టైముకు తన బెల్టు తనే నోట కరుచుకుని మా కాళ్ళ చుట్టూ తిరిగేది. ఇప్పుడు ఇంట్లో ఎక్కడ గొలుసు చప్పుడైనా, గేటు గొళ్ళెం గలగలమన్నా, బీరువా తాళాల గుత్తి కదిలినా మంచం కిందికి దూరిపోతోంది. మెడ నిమురుదామని చెయ్యి చాపితే తల పక్కకు తిప్పి నేలకు అంటుకుపోతుంది. దాన్ని ఎత్తుకుని పెంచిన మా చిన్నోడి చేతికి కూడా అలాగే చేస్తోంది. ఎందుకిలా చేస్తోందని వాడు అడిగే ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదండీ.

గంగమ్మ జాతర వస్తుందనే తొందరపడి మార్చిలో చేర్పించాం. మే నెలలో మన ఊళ్ళో వారం రోజులు వీధులెలా ఉంటాయో మీకు తెలుసు. ఒకరోజు ఒళ్ళంతా నామంసుద్ద పూసుకున్న బైరాగి వేషం, ఒకరోజు కుంకుమ పూసుకున్న బండ వేషం, ఒకరోజు బొగ్గు పూసుకున్న తోటి వేషం, డప్పులు, కేకలు, వేపాకులు. తెలిసిన మనిషి కూడా గుర్తు పట్టలేనంతగా మారిపోతాడు, కుక్కపిల్లకు ఎలా ఉంటుంది? అలాంటి చప్పుళ్ళకు మెల్లమెల్లగా అలవాటు చేయడం కూడా మీ ప్యాకేజీలోనే ఉంది, "సోషలైజేషన్" అని. ఫోన్‌లో డప్పు శబ్దం తక్కువ వాల్యూమ్‌లో పెట్టి ట్రీట్ ఇస్తూ రోజు రోజుకూ పెంచుతామని మొదటి రోజు ఆ అమ్మాయి చెప్పింది కూడా. అది జరగనే లేదు. మొన్న జాతరకు మా వీధిలో డప్పులు మోగినన్నాళ్ళు రాగి మంచం కిందే ఉంది, అన్నం ముట్టలేదు, భయంతో అక్కడే పాసు పోసింది. డప్పుకు ఉలిక్కిపడని పిల్ల ఉండదు, ఒప్పుకుంటాను. కానీ దగ్గరికి పిలిచి ఓదార్చడానికి చెయ్యి చాపితే ఆ చెయ్యికే భయపడితే ఇంక మేమేం చేయాలి?

ఇంకొన్ని విషయాలున్నాయి. సాయంత్రం నాలుగింటికే క్లాసు పెట్టి కాంక్రీటు నేల మీద నిలబెట్టారు. ఏప్రిల్‌లో ఆ టైముకు నేల మీద మన అరచెయ్యి అయిదు సెకన్లు ఆనించి చూడండి, తెలుస్తుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి చల్లబడే ముఖ్యమైన దారి. నీళ్ళ గిన్నె కూడా మేము అడిగాక తెచ్చారు. వ్యాక్సిన్ కార్డు ఒక్కరిని కూడా అడగలేదు. మొదటి వ్యాక్సిన్ వేసి కనీసం వారం దాటిన పిల్లల్నే క్లాసులోకి రానివ్వాలి, ఎందుకంటే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లలు పోయే జబ్బు అది. మీ గ్రౌండులో ఆ వరసలో ఒక పెద్ద కుక్క కూడా ఉంది, దాని కార్డు ఎవరు చూశారో.

మరొకటి, ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు గానీ అందరూ తెలుసుకోవాలి. ట్రీట్లు అయిపోయాయని మీ హెల్పర్ అబ్బాయి ఎవరో తెచ్చిన కొండ లడ్డూ చిదిపి పిల్లలకు పెట్టబోయాడు. శ్రీవారి ప్రసాదమంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం, కళ్ళకద్దుకుని తింటాం. కానీ అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషం, కిడ్నీలు దెబ్బతింటాయి, ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. నేను చూసి ఆపాను కాబట్టి సరిపోయింది. ఆ అబ్బాయికి తెలియదు, చెప్పాల్సిన బాధ్యత మీది. గ్రౌండులో ఒక బోర్డు మీద కుక్కలకు పెట్టకూడనివి తెలుగులో రాసి పెట్టండి, చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష అని. పెద్ద ఖర్చు కాదు.

మీ ఆఫీసులో అడిగితే "కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వం, కావాలంటే మిగిలిన క్లాసులకు రండి" అన్నారు. ఆ గ్రౌండు గేటు దగ్గరికి వెళ్తేనే కింద పడుకుని కదలని పిల్లను లోపలికి ఎలా తీసుకురావాలి? నాకు క్లాసులు వద్దు. మొదటి క్లాసుకు అయ్యే డబ్బు మీరు ఉంచుకోండి, అది మీరు సంపాదించుకున్నదే. మిగిలిన 7 క్లాసులది రూ.7,875, ఆస్పత్రి ఖర్చుతో కలిపి వెనక్కి ఇవ్వండి. మీ రసీదు, ఆస్పత్రి చీటీ, మెడ వాపు ఫొటోలు, పాంప్లెట్ ఫొటో జత చేశాను.

డబ్బు కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటి. పప్పీ బ్యాచుల్లో చోక్ చైన్, ముళ్ళ బెల్టు వాడబోమని మీరు రాతపూర్వకంగా చెప్పాలి, అన్ని బ్రాంచిల ట్రైనర్లకూ చెప్పాలి, క్లాసులో ఓనరు తన పిల్ల పక్కనే ఉండాలి. లేదూ గొలుసుతోనే నేర్పుతాం అంటారా, అయితే పాంప్లెట్‌లో "ప్రేమతో" అన్న మాట తీసేయండి, తెలిసిన వాళ్ళు తెలిసే వస్తారు. ఆ రోజు స్తంభాలకు కట్టిన మిగతా పిల్లల ఓనర్లలో సగం మంది మొదటిసారి కుక్కను పెంచుతున్నవాళ్ళే. ట్రైనర్ చేస్తున్నాడు కదా, ఇదే పద్ధతి కాబోలు అనుకుని ఇంటికెళ్ళి వాళ్ళూ గుంజుతారు. నా అసలు బాధ అక్కడే ఉంది.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచి ఉంది, జంతువును కొట్టి, హింసించి అనవసరంగా నొప్పి కలిగించడం 11వ సెక్షన్ కింద నేరం. చెప్పిన సేవ ఒకటి, చేసింది ఇంకొకటి అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అది సేవాలోపమే, ప్రకటనలో ఒకటి రాసి ఇంకొకటి చేయడం తప్పుదోవ పట్టించడమే. 15 రోజులు చూస్తాను. అప్పటికీ జవాబు లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా కట్టక్కర్లేదు. అంతదాకా రానివ్వరనే అనుకుంటున్నాను, ఎందుకంటే మొదటి రోజు మీ దగ్గర నేర్పడం తెలిసిన మనిషిని నేను చూశాను. ఆ అమ్మాయి ఇంకా మీ దగ్గరే పనిచేస్తుంటే పప్పీ బ్యాచులు ఆమెకే ఇవ్వండి.

డబ్బు నేను ఫీజు కట్టిన ఖాతాకే పంపండి. ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం ఆరు తర్వాత చేయండి, పగలు డ్యూటీలో ఉంటాను.

ఇట్లు,
రాగి తరఫున,
మీ తిరుపతి పప్పీ బ్యాచ్ కస్టమర్,
కొర్లగుంట, తిరుపతి