చెర తర్వాత ముందు లేచింది బలిపీఠం

సంపాదకులకు,

బబులోను చెర నుంచి యూదులు తిరిగొచ్చిన కథలో అందరికీ గుర్తుండేది అధిపతి నెహెమ్యా 52 రోజుల్లో కట్టించిన యెరూషలేము గోడే. యాజకులు చేసిన పని మాత్రం మరుగున పడిపోతోంది. క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు అనుమతి ఇచ్చాక ప్రధాన యాజకుడు యేషూవ, అధిపతి జెరుబ్బాబెలు మొదట నిలబెట్టింది బలిపీఠాన్ని. ఆలయానికి పునాది పడింది ఆ తర్వాతే. పొరుగువారి అడ్డంకులతో ఆగిన పని 520లో హగ్గయి, జెకర్యా ప్రవక్తల మందలింపుతో మళ్లీ కదిలి 515లో పూర్తయింది.

అసలు కొరత మనుషులది. తిరిగొచ్చినవారి తొలి జాబితాలో యాజకులు 4,289 మంది ఉంటే, ఆలయ సేవలో వాళ్లకు తోడుండే లేవీయులు 74 మందే! తర్వాత మరో గుంపుతో బయల్దేరిన ధర్మశాస్త్ర పండితుడు ఎజ్రా, దారిలో అహవా నది దగ్గర మూడు రోజులు ఆగి లెక్క చూస్తే ఒక్క లేవీయుడూ లేడు. కబురంపి 38 మందిని రప్పించాకే కదిలాడు. వెండి బంగారాలను తూచి యాజకులకు అప్పగించాడు, యెరూషలేములో మళ్లీ తూచి రాయించాడు. ఈ లెక్కల పట్టింపు ప్రసంగాల్లో ఎందుకో వినిపించదు.

ధర్మశాస్త్రాన్ని ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివితే, జనానికి అర్థం విప్పి చెప్పింది లేవీయులే. తర్వాత దశమభాగాలు (జనం పంటలో ఇవ్వాల్సిన పదో వంతు) అందక వాళ్లు పొలాలకు వెళ్లిపోయేసరికి ఆలయ సేవ కుంటుపడింది. పైగా యాజకుడు ఎల్యాషీబే ఆలయంలోని కానుకల గదిని నెహెమ్యా విరోధి టోబీయాకు ఇచ్చేశాడు. నెహెమ్యా ఆ సామాను బయట పారేయించి, కొట్ల మీద నమ్మకస్తులైన నలుగురిని పెట్టాడు.

- బైబిలు చరిత్ర పాఠకులు