పక్క మంచం పెదనాయనకు

నాయన్ని నిన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. 19 రోజులు. కళ్ళు మూతలు పడుతున్నాయి, నడుము నిలబడటం లేదు. అయినా ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

మాది కాణిపాకం దగ్గర పల్లె. జూన్ 3 తెల్లారి పాలు పితికి వచ్చిన నాయన చేతిలోంచి చెంబు జారిపోయింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. మేము నీరసం అనుకున్నాం. నిమ్మకాయ నీళ్ళు తాగించాం, ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చేదాకా కూర్చున్నాం. తర్వాత చిత్తూరు, అక్కడి నుంచి 108లో 70 కిలోమీటర్లు తిరుపతికి. పక్షవాతమన్నారు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలంట. మేము చేరేసరికి ఆరు గంటలు దాటింది. మీ ఇళ్ళలో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నోట్లో నీళ్ళు కూడా పొయ్యకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. టైం చూసుకొని నేరుగా స్కానింగ్ ఉన్న పెద్దాస్పత్రికి పరిగెత్తండి. మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ముందు ఈ మాట చెప్పేస్తున్నా.

నేనొక్కదాన్నే కూతుర్ని. మా ఆయన కువైట్‌లో ఉంటారు, లీవు దొరికి వచ్చేసరికి పదహారో రోజయింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో రెండు ఆవులు. తోటలో బెంగళూరా మామిడికాయ కోతలు మామ చూసుకున్నాడు. వీళ్ళకు థ్యాంక్స్ చెబితే నన్నే తిడతారు.

నేను చెప్పాలనుకున్నది పెదనాయన గురించి.

మొదటిరోజు రాత్రి తొమ్మిదికి సెక్యూరిటీ వచ్చి, మగవాళ్ళ వార్డు కాబట్టి ఆడవాళ్ళంతా బయటికి వెళ్ళిపోవాలన్నాడు. ఆ రూల్ ఎందుకు పెట్టారో నాకు అర్థం కాకపోలేదు. కానీ దాహమేస్తే అడగలేని మనిషిని వదిలేసి ఎట్లా పోవాలి? "మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు. ఆ రోజు పొద్దున్నుంచీ ఆ ప్రశ్న ఎంతమంది అడిగారో. ఓపీ చీటీ దగ్గర అడిగారు, స్కానింగ్ దగ్గర అడిగారు, స్ట్రెచర్ నేను తోసుకుంటూ పోతుంటే కూడా అడిగారు. మగ అటెండెంట్ లేకుంటే ఏం జరిగినా మా బాధ్యత కాదన్నారు. సంచి పట్టుకొని గేటు దగ్గర అట్లే నిలబడిపోయాను.

పక్క మంచం కింద చాప మీద కూర్చున్న పెద్దాయన లేచాడు. 60 దాటి ఉంటాయి, మెడలో తువ్వాలు. నేరుగా సెక్యూరిటీ దగ్గరికొచ్చి, "ఈయప్ప నా తమ్ముడు. రాత్రికి నేనుంటా, రాసుకో" అన్నాడు. అంతకుముందు ఆయన ముఖం కూడా నేను చూడలేదు. నావైపు తిరిగి, "పోయి పండుకో పాపా. ఒక మంచం చూసే కండ్లు రెండు మంచాలు చూడవా?" అన్నాడు.

ఆయనది కుప్పం దిక్కు. ఆ మంచం మీద ఉన్నది ఆయన కొడుకు. కాళ్ళ నుంచి పైకి చచ్చుబడుతూ పోయే నరాల జబ్బు, అప్పటికే 41 రోజులుగా ఉన్నారు. తన కష్టమే తనకు చాలని మనిషి. ఇంటి దగ్గర పట్టుపురుగులు మేపుతారంట. మీరు నిద్రపోవాలి కదా పెదనాయనా అంటే, "నాలుగో జ్వరం లేచినాక పురుగు ఊరికే ఉండదు పాపా, నడిరేయి కూడా ఆకు వెయ్యాల. ముప్పై ఏండ్లుగా అదే పని. నాకు మెలకువ కొత్త గాదు" అన్నాడు. జ్వరమంటే పురుగు మేత మాని పొర విడిచే నిద్రంట.

15 రాత్రులు. రెండు గంటలకొకసారి లేచి ముందు కొడుకును, తర్వాత మా నాయన్ని పక్కకు తిప్పి, వీపు వెనక దుప్పటి మడత పెట్టేవాడు. ఒకే పక్క పండితే పుండ్లు పడతాయని ఆయనే నాకు నేర్పించాడు. తిప్పేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకూడదు, భుజం జారుతుందని కూడా. నిన్న ఇంట్లో నాయనకు ఒళ్ళు తుడుస్తూ చూశాను, వీపు మీద ఒక్క పుండు లేదు.

పన్నెండో రోజు జరిగింది చెప్పాలి. నేను పొద్దున టిఫిన్ తీసుకొని లోపలికి పోయేసరికి నాయన ముఖం నిండా సబ్బు నురగ. పెదనాయన స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టుకొని, కొత్త బ్లేడు వేసి గడ్డం గీస్తున్నాడు. జారిపోయిన కుడి చెంపను బొటనవేలితో మెల్లగా పైకి సాగదీసి పట్టుకొని గీస్తున్నాడు. గడ్డం అయిపోయింది. మీసం దగ్గర ఆగాడు. "తమ్ముడా, మీసం ఉంచేదా, తీసేసేదా?" అని అడిగాడు.

అడిగి ఊరుకోలేదు, ఎదురుచూశాడు. అప్పటికి మాట రాక పన్నెండు రోజులు. డాక్టర్లు, సిస్టర్లు ఏం కావాలన్నా నన్నే అడిగేవాళ్ళు. నేనూ అంతే, ఆయన్ని ఏదీ అడగడం మానేశాను. పెదనాయన మాత్రం బ్లేడు పైకెత్తి పట్టుకొని నాయన కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి నాయన ఎడమచెయ్యి లేచి, మెల్లగా పోయి మీసం మీద ఆనింది. "ఉంచాల్నా? ఉంచుదాం అట్లయితే" అని చివర్లు కత్తిరించి సరిచేశాడు.

టిఫిన్ డబ్బా అక్కడే పెట్టేసి వరండాలోకి పోయి ఏడ్చాను. నాయన పడిపోయినప్పటి నుంచి ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. కార్డులో నాయన పేరుకూ, ఆధార్‌లో పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉందని ఉచిత వైద్యం అప్రూవల్ నాలుగు రోజులు ఆపారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది, మీది చిత్తూరు జిల్లా కాబట్టి మీ మండలానికే పోయి సరిచేయించుకోండి అన్నారు. పోతే అక్కడ సర్వర్ పని చెయ్యలేదు. మంచం మీద మనిషిని పెట్టుకొని ఒక అక్షరం కోసం రెండుసార్లు తిరిగాను. ఆ అక్షరం తప్పు కొట్టింది మేము కాదు. ఆ రెండు పగళ్ళూ నాయనకు గంజి తాగించింది పెదనాయనే, గుటక మింగాడా లేదా అని గొంతు మీద వేలు పెట్టి చూస్తూ.

మొన్న ఆదివారం ఫాదర్స్ డే అని ఫోన్ నిండా స్టేటస్‌లు. నేను ఏమీ పెట్టలేదు. ఆ రోజు పెదనాయనకు 2000 రూపాయలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తమ్మున్ని చూసుకున్నందుకు కూలిస్తావా పాపా?" అన్నాడు. మామ తెచ్చిన మామిడికాయలు మాత్రం తీసుకున్నాడు, కొడుక్కి ఉప్పూకారం వేసి కోసిస్తే ఇష్టమంట. డిశ్చార్జి కాగితాలతో పాటు నైట్ పాసులు తిరిగి ఇచ్చేటప్పుడు చూశాను. పదిహేనింటి మీదా సంబంధం దగ్గర "అన్న" అని ఉంది, పక్కన వంకరటింకరగా ఆయన సంతకం. ఒకటి ఇవ్వకుండా దాచుకున్నాను.

పేరు, ఫోటో పెట్టొద్దన్నాడు, పెట్టడం లేదు. పెదనాయనా, మీరు ఫోన్‌లో ఇవన్నీ చూడరని తెలుసు. అబ్బాయికి చెప్పాను, చదివి వినిపిస్తాడు. అబ్బాయి లేచి నడిచిన రోజు మొదటి ఫోన్ నాకే చెయ్యాలి.

అయ్యో, స్కాన్ ఫిలింలో ఏముందో చీటీ వెనక బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పిన చిన్న డాక్టరమ్మను మర్చిపోయాను. వార్డు ఊడ్చే అక్క రోజూ బకెట్ వేడినీళ్ళు తెచ్చిచ్చింది. అటెండెంట్లకు దేవస్థానం అన్నప్రసాదం పెట్టేవాళ్ళు, కొండమీద 1985 నుంచి జరుగుతున్న నిత్యాన్నదానమే తెలుసు గానీ కింద ఆస్పత్రుల్లోనూ పెడతారని నాకు అప్పుడే తెలిసింది. ఫిజియోథెరపీ సార్. బస్టాండు నుంచి అర్ధరాత్రి 50 రూపాయలకే తీసుకొచ్చిన ఆటో అన్న. మా ఆవులకు గడ్డి వేసిన పక్కింటి అత్త. ఇంకా ఎవరో ఉన్నారు, గుర్తొస్తే రేపు రాస్తా. రెండు గంటలైంది, నాయన్ని పక్కకు తిప్పాలి.