కొత్త తూకం కంట్రోలర్‌లో ఆండ్రాయిడ్ ఎందుకు లేదు: మా ఖాతాదారులకు ఒక వివరణ

మా తూకం కంట్రోలర్లు వాడుతున్న రైసుమిల్లుల, ప్యాకింగ్ యూనిట్ల యజమానులకు నమస్కారం. రంగుల తెర ఉన్న మోడల్ ఎప్పుడు వస్తుందని, అందులో ఆండ్రాయిడ్ ఉంటుందా అని మీలో చాలామంది అడుగుతున్నారు. మోడల్ సిద్ధమైంది; అందులో ఆండ్రాయిడ్ గానీ, దానికి మూలమైన లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గానీ ఉండదు.

పాత మోడల్‌లో ఉన్నది 168 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఎస్‌టీఎం32ఎఫ్407 మైక్రోకంట్రోలర్, అంటే యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్. లోడ్‌సెల్ (బరువును కొలిచే సెన్సర్) చదవడానికి, బస్తా నిండగానే గేటు మూయడానికి అది నేటికీ సరిపోతుంది. చిక్కంతా తెర దగ్గరే వచ్చింది. 480×272 చుక్కల తెరకు చుక్కకు 2 బైట్ల చొప్పున లెక్కవేస్తే ఒక్క బొమ్మకే 2,61,120 బైట్లు కావాలి. ఆ చిప్‌లోని ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) మొత్తం కలిపినా 192 కిలోబైట్లే. పైగా బొమ్మ మారేటప్పుడు తెర మిణకకుండా ఉండాలంటే రెండు బొమ్మలకు చోటుండాలి.

ఫోన్లలో ఉండేలాంటి, లైనక్స్ నడిపే అప్లికేషన్ ప్రాసెసర్ పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది గానీ, చిప్ బయట విడిగా డీడీఆర్ రకం ర్యామ్, దానికి తగిన ఖరీదైన బోర్డు తప్పవు. కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు ఫైళ్లు చెడిపోయే ప్రమాదమూ, తిరిగి వచ్చాక సిస్టమ్ లేచేదాకా లైను ఆపుకొని కూర్చోవలసిన అవస్థా ఉంటాయి. మిల్లుల్లో కరెంటు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుకని ఈ రెండింటికీ నడుమ ఉండే క్రాసోవర్ ప్రాసెసర్‌ను ఎంచుకున్నాము. ఎన్ఎక్స్‌పీ సంస్థ 2017లో ఐ.ఎంఎక్స్ ఆర్‌టీ1050తో మొదలుపెట్టిన వరుసలోని ఆర్‌టీ1060 ఇది. లోపల ఉన్నది మైక్రోకంట్రోలర్ జాతికి చెందిన కార్టెక్స్-ఎం7 కోరే అయినా 600 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. చిప్‌లోనే 1 మెగాబైట్ ర్యామ్ ఉన్నందున రెండు బొమ్మలు పెట్టినా దాదాపు సగం మిగులుతుంది. ఫ్రీఆర్‌టాస్ అనే చాలా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది కనుక స్విచ్ వేసిన వెంటనే తూకం కనిపిస్తుంది.

దీనికీ ఒక మెలిక ఉంది. ఈ చిప్‌లో ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) లేదు. పక్కనున్న వేరే ఫ్లాష్ చిప్ నుంచి చదువుకుంటుంది. ఆ ఫ్లాష్‌లో ఏదైనా రాస్తున్నంతసేపు అందులోంచి ప్రోగ్రామ్ చదవడం కుదరదు. బస్తా నిండుతుండగా ఆపరేటర్ సెట్టింగ్ మార్చి సేవ్ నొక్కితే గేటు ఆలస్యంగా మూసుకొని బియ్యం ఎక్కువ పడవచ్చు. అందువల్ల గేటు మూసే ప్రోగ్రామ్‌ను కోర్‌ను ఆనుకొని ఉన్న వేగవంతమైన ర్యామ్‌లో ఉంచి, సెట్టింగులనూ బస్తాల లెక్కనూ విడిగా ఎఫ్‌ర్యామ్ (వెంటనే రాసుకొని, కరెంటు పోయినా నిలుపుకునే మెమరీ) చిప్‌లో రాయిస్తున్నాము.

800×480 తెర మాత్రం ఇవ్వలేము. రెండు బొమ్మలకు 15,36,000 బైట్లు కావాలి, చిప్ బయట ఎస్‌డీర్యామ్ అనే అదనపు ర్యామ్ పెడితే తప్ప కుదరదు, పెడితే ధర మళ్లీ పెరుగుతుంది. ఇంకొక సంగతి: ఈ చిప్‌కు కాళ్లు బయటికి ఉండవు, 196 టంకపు గోళీలు అడుగున ఉంటాయి. పాత బోర్డు లాగా ఊళ్లోని మెకానిక్ చేత అతికించుకోవడం సాధ్యం కాదు కాబట్టి చెడిన బోర్డును మాకు పంపితే మార్చి ఇస్తాము.

ధర పాత మోడల్ మీద ఆరో వంతు ఎక్కువ. తూకం తప్ప మరేమీ అక్కరలేనివారు పాతదే కొనండి, దాని తయారీ ఆపడం లేదు. కొత్తది బిగించేవారు, కనెక్టర్లు అవే అయినా, తూకపు రాళ్లతో కాలిబ్రేషన్ (తూకం సరిచూసి సరిదిద్దడం) మళ్లీ చేయించుకున్నాకే లైను మొదలుపెట్టాలి.