ఎక్స్‌పీల గురించి శ్రీనుకి

హైదరాబాద్,
2014 మే 4

ఒరేయ్ శ్రీనూ,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, తప్పు నాదే. బుధవారం ఓటేసి వచ్చాక మాట్లాడదామనుకున్నాను గానీ, మనసంతా ఆఫీసు కంప్యూటర్ల మీదే ఉండిపోయింది. ఆ సంగతి నీకు వివరంగా రాయాలి. నీ నెట్ సెంటర్లో ఉన్న ఎనిమిది కంప్యూటర్లూ పాత విండోస్ ఎక్స్‌పీలే కదా.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక లోపం ఉందని, దాన్ని పట్టుకుని దాడులు అప్పటికే జరుగుతున్నాయని ఏప్రిల్ 26న మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆరో వెర్షన్ నుంచి పదకొండో వెర్షన్ దాకా అన్నిటిలోనూ ఉంది. దాన్ని సరిచేసే ప్యాచ్ అప్పటికింకా రాలేదు. ఎక్స్‌పీకి 8వ తేదీతోనే సపోర్ట్ ఆపేశారు కాబట్టి, మాకు ఎప్పటికైనా వస్తుందన్న ఆశ కూడా లేకపోయింది. వేరే బ్రౌజర్ వాడటం గురించి ఆలోచించమని అమెరికా ప్రభుత్వమే చెప్పేసరికి నాకు నిజంగా భయం వేసింది.

ఏం జరుగుతుందంటే, బ్రౌజర్ మెమరీలో ఒక చోటు వాడుకుని ఖాళీ చేస్తుంది. ఆ సంగతి మర్చిపోయి మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాడి మనియార్డరు తెచ్చి, కొత్తగా దిగినవాడి చేతిలో పెట్టినట్టు! ఆ చోట్లో దొంగ తన కోడ్ ముందే పెట్టుకుని ఉంటాడు. మనం ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, వాడు పంపిన లింకు తెరిస్తే చాలు. మనం ఏ హక్కులతో లాగిన్ అయ్యామో వాడికీ అవే వస్తాయి. మా ఎక్స్‌పీల్లో అందరూ అడ్మినిస్ట్రేటర్లే. క్లయింట్ల పాన్ నంబర్లు, ఖాతాల వివరాలు అన్నీ వాటిలోనే ఉన్నాయి.

మామూలప్పుడైతే ఐఈ (అదే, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) ముట్టుకోవద్దని చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ మార్చి టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న ఆదాయపు పన్ను, కట్టడానికి 30 ఆఖరు, ఇక్కడ పోలింగూ ఆ రోజే. అంటే 29లోగా కట్టెయ్యాలి. మా క్లయింట్లలో చాలామందికి ఖాతా ఉన్న బ్యాంకు సైటేమో ఐఈలో తప్ప తెరుచుకోదు. జనం డబ్బు చూసేవాళ్లు ఇన్నేళ్లయినా సైటుని ఒక్క బ్రౌజర్‌కే కట్టేసి ఉంచడం నాకు చాలా కోపం తెప్పించిందిరా.

సోమవారం రాత్రి పదకొండు దాకా ఆఫీసులోనే ఉన్నాను. విండోస్ 7 ఉన్న ఒక మిషన్ని బ్యాంకు పనికే కేటాయించి, దాడికి దారి లేకుండా అందులో ఫ్లాష్ ఆపేశాను, వీజీఎక్స్ డీఎల్ఎల్ అనే ఫైలుని అన్‌రిజిస్టర్ చేశాను. పాతకాలపు వీఎంఎల్ బొమ్మలు చూపించడానికి తప్ప మాకు దానితో పనేమీ లేదు. మిగతా వాటిలో క్రోమ్ వేసి, డెస్క్‌టాప్ మీద ఐఈ నీలం గుర్తు తీసేశాను. మర్నాడు మూర్తి గారు "నా ఇంటర్నెట్ ఏదయ్యా?" అని కంగారుపడ్డారు. పక్కన కూర్చుని అరగంట చూపించాను. పాపం, శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నారు. సాయంత్రానికల్లా చలాన్లన్నీ కట్టేశాం.

ప్యాచ్ మే 1న, మన లెక్కలో రాత్రి, వచ్చింది. ఎక్స్‌పీకి కూడా ఇచ్చారు! శుక్రవారం పొద్దున్నే అన్నిటిలో వేశాక గానీ నాకు టిఫిన్ దిగలేదు.

అలాగని నువ్వు ఎక్స్‌పీలు ఉంచుకోకు. సపోర్ట్ ఆగిపోయి మూడు వారాలే అయింది కాబట్టి ఈసారికి ఇచ్చామని వాళ్లే చెప్పారు. ఎంసెట్ పిల్లలు నీ దగ్గరే కదా మెయిల్ తెరుస్తారు, వాళ్ల నాన్నల కార్డు నంబర్లు కొడతారు. కొత్తవి కొనడానికి డబ్బు లేదంటావు, తెలుసు. గత నెలలో, విండోస్ బదులు వేసుకునే ఉబుంటు 14.04 వచ్చింది, ఉచితం, అయిదేళ్లు అప్‌డేట్లు ఇస్తారు. ముందు రెండు మిషన్లలో వేసి, ప్రింటరు పనిచేస్తుందో లేదో చూద్దాం.

7న మీకు పోలింగ్ కదా, ఆ హడావిడి అయిపోనీ. 10వ తేదీ రాత్రి బస్సుకి తణుకు బయల్దేరుతున్నాను, పెన్‌డ్రైవ్ తెస్తాను. అప్పటిదాకా క్రోమ్ వేసి ఉంచు, విండోస్ అప్‌డేట్ ఈరోజే నడుపు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రవి