న్యాయశాఖ మంత్రి గారికి: ఉత్తర్వు ఇచ్చారు, డబ్బెప్పుడిస్తారు?

అయ్యా,

బాధితుల పరిహారం సంగతి మీకు మేం చెప్పాల్సిన పని లేదు. యాసిడ్ దాడి జరిగితే 15 రోజుల్లో లక్ష, ఆపై రెండు నెలల్లో మిగతాది ఇవ్వాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ముఖం కాలిపోతే 7 నుంచి 8 లక్షలని మహిళా బాధితుల కోసం తెచ్చిన 2018 పరిహార పథకంలో రాసుంది. యాసిడ్ దాడికి గురైన మా చెల్లెలికి పరిహారం ఇవ్వాలని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉత్తర్వు కూడా ఇచ్చేసింది. సీలూ, సంతకాలూ అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. డబ్బే రాలేదు.

అడిగితే "పై నుంచి ఫండ్స్ రాలేదండీ" అంటారు. ఆ పైన ఎవరున్నారో మాత్రం చెప్పరు. ప్రజావాణిలో అర్జీ ఇస్తే, దాన్ని తిప్పి మళ్లీ అదే ఆఫీసుకు పంపి, సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ పెట్టారు. సంతోషం.

ఈలోగా ఇంట్లో పరిస్థితి వినండి. చెల్లెలి కుడి రెప్ప మూతపడదు. రాత్రి కంట్లో ఆయింట్‌మెంట్ వేసి, రెప్పను కిందికి లాగి టేపు అంటిస్తాం. నిద్రలో అది ఊడిందంటే తెల్లారేసరికి కన్ను ఎండిపోయి మంట. మెడ దగ్గర చర్మం బిగుసుకుపోయి తల పూర్తిగా ఎత్తలేదు. ఇంకో గ్రాఫ్టింగ్, అంటే చర్మం అతికించే ఆపరేషన్, చేయాలన్నారు. చికిత్స ఉచితమని చట్టం అంటుంది, ఆసుపత్రి వాళ్లు ముందు అడ్వాన్స్ కట్టమంటారు. ప్రెషర్ మాస్కు, చుక్కల మందు, హైదరాబాద్ ఛార్జీలు సరేసరి. అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో ఉంది. దాని మీద వడ్డీకి మాత్రం పై నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నెలనెలా పెరుగుతూనే ఉంది.

దోషికి కోర్టు జరిమానా వేసింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 326ఎ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము బాధితురాలికే. వాడు కట్టలేదు, బదులుగా ఇంకొన్ని నెలలు లోపలుంటాడట. దాంతో మాకేం ఒరిగింది? ఫండ్స్ లేవని జైల్లో వాడికి ఒక్క పూటైనా అన్నం ఆపారా? అలాంటి జరిమానాను భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా రాబట్టొచ్చని చట్టంలోనే ఉంది. వాడి పేరున్న పొలంలో ఈసారి కూడా నాట్లు పడ్డాయి.

ఫండ్స్ మీ శాఖ వదలాలో, ఆర్థిక శాఖ వదలాలో మీరూ మీరూ తేల్చుకోండి. ఉత్తర్వులో రాసిన సొమ్ము ఆమె ఖాతాలో వేయించండి. ఒకేసారి కుదరకపోతే ఆ మొదటి లక్షయినా వేయించండి సార్, ఆపరేషన్ ఆగిపోయింది. మళ్లీ అర్జీ పెట్టుకోమని మాత్రం అనకండి.

ఇట్లు,
ఒక బాధితురాలి అన్న